మా కోడలి ఉద్యోగం ఇల్లు సర్దడం కాదు

పోయిన నెల ఒక ఆదివారం మా ఇంట్లో భోజనాలు. మావారి అక్కగారు, అంటే మా పెద్ద వదిన, కొడుకునీ కోడలినీ తీసుకుని వచ్చింది. తిన్నాక అందరం హాల్లో చేరితే కబుర్లు ఉద్యోగాల మీదికి మళ్ళాయి. వదిన కొడుకుది సాఫ్ట్‌వేర్, రాత్రి పదకొండుకి కూడా మీటింగులే. కోడలిది బ్యాంకు, నెలాఖరు వస్తే టార్గెట్ల గోల. వాళ్ళ కష్టాలన్నీ విన్నాక వదిన మా కోడలి వైపు తిరిగి, "నీకేమే అమ్మాయ్! ఇంట్లోనూ ఇల్లు సర్దడమే, ఆఫీసులోనూ ఇల్లు సర్దడమే. పైగా దానికి జీతం కూడా ఇస్తారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా కోడలు కూడా నవ్వి, పిల్లాడికి పాలు కలపాలంటూ లోపలికి వెళ్ళిపోయింది.

వదిన చెడ్డ మనిషి కాదు. సరదాకే అంది. కానీ ఆ రోజు ఆ మాట పడవలసిన రోజు కాదని నాకు రాత్రి తెలిసింది.

మా కోడలు హైదరాబాద్‌లో ఒక ఆర్కిటెక్చర్ సంస్థలో ఇంటీరియర్ డిజైనర్. చేరి తొమ్మిదేళ్ళయింది. జూనియర్‌గా చేరి, డిజైనర్ అయి, నాలుగేళ్ళ కిందట సీనియర్ డిజైనర్ అయింది. దాని పైమెట్టు అసోసియేట్. అంటే ప్రాజెక్టు మొత్తం తన చేతిలో ఉంటుంది, కింద ఒక టీమ్ ఉంటుంది, క్లయింటుతో మాట్లాడే చోట తన కుర్చీ ఉంటుంది. ఆ ఆదివారానికి ముందు శుక్రవారం వాళ్ళ ఆఫీసులో ఆ ప్రమోషన్లు చెప్పారు. అసోసియేట్ అయింది నాలుగేళ్ళ కిందట కాలేజీ నుంచి నేరుగా వచ్చి చేరిన అబ్బాయి. అతన్ని మొదటిసారి సైట్‌కి తీసుకెళ్ళింది మా కోడలే. ఫాల్స్ సీలింగ్ డ్రాయింగ్‌లో ఏసీ డక్ట్ ఎక్కడ లైటుకి అడ్డం వస్తుందో చూడటం నేర్పింది కూడా ఆమే. కారణం అడిగితే వచ్చిన జవాబు ఒకటే. "నువ్వు ఆర్కిటెక్టువి కాదు కదమ్మా."

ఇదంతా గిన్నెలు తుడుస్తూ చెప్పింది. గొంతు కూడా మారలేదు. నేనేమన్నానో చెప్పనా? "పోనీలే అమ్మా, ఎందుకొచ్చిన గొడవ! మానేసి హాయిగా ఇంట్లోంచే చేసుకో. పిల్లాడూ కళ్ళ ముందుంటాడు." నిజంగా ప్రేమతోనే అన్నాను. తను చేతిలో గిన్నె పక్కన పెట్టి, "మీరు కూడానా అత్తయ్యా?" అంది.

ఆ మూడు మాటలు నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ళ ఆఫీసు మీద నాకున్న కోపం ఎంతో, నా మీద నాకున్న కోపమూ అంతే ఉంది.

ముందు అసలు ఆ పని ఏమిటో చెబుతాను. నేను కూడా చాలా ఏళ్ళు కర్టెన్ల రంగు, సోఫా గుడ్డ, గోడకి బొమ్మ అనే అనుకున్నాను. మూడేళ్ళ కిందట మా కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వంటిల్లు మార్చినప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. నా ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. మా పాత వంటగట్టు 36 అంగుళాలు. ఇరవై ఏళ్ళకి పైగా ఆ గట్టు ముందు భుజాలు ఎత్తి పప్పు ఎనిపాను, చపాతీలు ఒత్తాను. సాయంత్రానికి మెడ పట్టేసేది. వయసు వచ్చింది కాబోలు అనుకునేదాన్ని. మా కోడలు టేపు తెచ్చి నేల నుంచి నా మోచేతి దాకా కొలిచింది. దానికి నాలుగైదు అంగుళాలు కిందికి గట్టు రావాలంది. 32 అంగుళాలకి దించింది. గ్రైండర్ ఎక్కడ పెడితే నీళ్ళ పంపుకి దూరం కాకుండా ఉంటుంది, ప్లగ్గు పాయింటు తడి తగలకుండా ఎంత ఎత్తులో ఉండాలి, సిలిండర్ మార్చేటప్పుడు మనిషి వంగడానికి చోటెంత కావాలి అన్నీ కాగితం మీద గీసింది. సింకు కింద పెట్టే ప్లైవుడ్ ఐఎస్ 710 రకం కావాలని, అది నీళ్ళని తట్టుకుంటుందని, మామూలు రకం రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుందని షాపతనితో వాదించి మరీ తెప్పించింది. ఆగ్నేయం మూల పొయ్యి కదపొద్దని మావారు పట్టుబడితే, దాన్ని కదపకుండానే మిగతావన్నీ కుదిర్చింది.

ఇప్పుడు నా మెడ నొప్పి లేదు. ఇది ఇల్లు సర్దడమా?

ఆఫీసులో అదే పని వంద మంది కూర్చునే చోట చేస్తుంది. ఎవరు ఎటు నడుస్తారు, మంటలు అంటుకుంటే ఏ దారిన బయటికి పోతారు, ఏ గదిలో మాట పక్క గదికి వినపడకూడదు, ఎన్ని లైట్లకి ఎన్ని స్విచ్చులు, ఏ వస్తువు ఎంత పరిమాణం, దేనికి ఎంత ధర అని పట్టికలు రాయాలి. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, ఏసీవాళ్ళు, రంగులవాళ్ళు ఒకరి మీద ఒకరు తప్పు నెట్టుకుంటుంటే మధ్యలో నిలబడి పని నడిపించాలి. ఆఖర్న గదిగదీ తిరిగి లోపాల జాబితా రాసి, అవన్నీ సరిచేయించాకే తాళాలు ఇప్పించాలి. భవనం కట్టిన వాళ్ళని అందరూ గుర్తుపెట్టుకుంటారు, సరే. ఆ భవనంలో బతికేవాళ్ళు రోజూ తాకేవి మాత్రం ఈ పిల్లలు ఆలోచించి పెట్టినవే.

ఇక "నువ్వు ఆర్కిటెక్టువి కాదు" అన్న మాట సంగతి. ఈ మాటకి చట్టం అండ ఉందని చెబుతారు. ఎంత ఉందో చూద్దాం. మన దేశంలో 1972లో ఆర్కిటెక్టుల చట్టం వచ్చింది. ఐదేళ్ళ బీఆర్క్ లాంటి గుర్తింపు ఉన్న చదువు చదివి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్ళే ఆర్కిటెక్ట్ అనే పేరు పెట్టుకోవాలి. న్యాయమే. ఇంటీరియర్ డిజైనర్లకి అలాంటి చట్టమూ లేదు, అలాంటి కౌన్సిలూ లేదు. 1972లోనే మొదలైన ఇంటీరియర్ డిజైనర్ల సంస్థ ఒకటుంది, కానీ అది వృత్తిలో ఉన్నవాళ్ళు పెట్టుకున్న సంఘమే. 2020లో సుప్రీంకోర్టు ఇంకో సంగతి తేల్చింది. ఆ 1972 చట్టం కాపాడేది ఆర్కిటెక్ట్ అనే పేరునే తప్ప, ఆ రకం పని వేరేవాళ్ళు చేయకుండా ఆపేది కాదని.

మా కోడలు ఆర్కిటెక్ట్ అనే పేరు అడగలేదు. భవనం ప్లాన్ మీద సంతకం పెడతానని కూడా అడగలేదు. ఆ పనికి చదువుకున్నవాళ్ళు వేరే ఉన్నారు, ఆ బాధ్యత వాళ్ళదే. అంతెందుకు, ఆర్కిటెక్టుల భాగస్వామ్య సంస్థ అని చెప్పుకోవాలంటే భాగస్వాములంతా రిజిస్టరైన ఆర్కిటెక్టులే అయి ఉండాలని చట్టంలో ఉంది. కాబట్టి అలాంటి చోట భాగస్వామి కావడానికి అడ్డముందంటే ఒప్పుకుంటాను. కానీ అది అన్నిటికన్నా పైమెట్టు. అసోసియేట్ అన్నది ఏ చట్టంలోనూ లేని పదవి. దాన్ని పెట్టింది ఆఫీసు, ఇచ్చేది ఆఫీసు, ఆపేదీ ఆఫీసే. ఆఖరి మెట్టుకి తాళం ఉందని చూపించి మధ్యలో ఉన్న మెట్లన్నీ ఊడబీకడం ఏం న్యాయం?

"ఆ అబ్బాయి ఐదేళ్ళు చదివాడు కదా" అన్నారు మావారు. మా కోడలు నాలుగేళ్ళు చదివి తొమ్మిదేళ్ళు పని చేసింది. చేరేటప్పుడు ఒక ఏడాది చదువు తేడాకి జీతంలో తేడా ఉండొచ్చు. తొమ్మిదేళ్ళ తరవాత కూడా ఆ ఒక్క ఏడాదినే తూకం వేస్తుంటే, మధ్యలో ఈ పిల్ల చేసిన పనంతా ఏ తక్కెడలో పడింది? ఈ ప్రశ్నకి మావారి దగ్గర జవాబు లేదు. పేపరు తీసి చదువుకోవడం మొదలుపెట్టారు.

ఇందులో నాకు ఇంకా కష్టంగా అనిపించిన సంగతి వేరే ఉంది. బాబు పుట్టినప్పుడు తనకి సెలవు బాగానే ఇచ్చారు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టం సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతంతో కూడిన సెలవు హక్కు అయింది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట్లకి అది వర్తిస్తుంది. సెలవు అయ్యాక ఆఫీసుకి వెళితే పెద్దాయన ఎంతో ఆప్యాయంగా, "చంటిపిల్లాడితో ఎండలో సైట్లకి ఎందుకమ్మా తిరగడం! ఆఫీసులో కూర్చుని శాంపిల్స్ చూసుకో, ఇళ్ళ ప్రాజెక్టులు చూసుకో" అన్నారట. ఇంటికి వచ్చి చెబితే మేమంతా ఎంత సంతోషించామో! నేనైతే ఆయనకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

దండం పెట్టిన చేతులతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ రెండేళ్ళలో పెద్ద ఆసుపత్రి పని వేరేవాళ్ళకి వెళ్ళింది. కోకాపేటలో ఆఫీసు టవర్ పని వేరేవాళ్ళకి వెళ్ళింది. మా కోడలికి పిల్లల గదులు, వంటిళ్ళు, పూజ గదులు మిగిలాయి. అవి చిన్న పనులని నేననను. కానీ ప్రమోషన్ మాట వచ్చేసరికి "నీకు పెద్ద ప్రాజెక్టుల్లో సైట్ అనుభవం తక్కువ" అని కాగితం మీద రాశారు. సైట్‌కి వెళ్ళొద్దన్నది వాళ్ళే. వెళ్ళలేదని తప్పు పట్టిందీ వాళ్ళే. ఒక్కసారి కూడా "వెళ్ళగలవా?" అని ఆమెని అడగలేదు. ఆమె తరఫున జాలిపడి, ఆమె తరఫున నిర్ణయం చేసేశారు.

తిట్టి ఆపితే మనకి తెలుస్తుంది, ఎదురు తిరుగుతాం. ఇలా జాలితో ఆపితే మనమే థాంక్స్ చెబుతాం. మా ఇంట్లో చెప్పాం కూడా.

ఇది ఇవాళ్టి కథ కాదని మా కోడలే ఒక సంగతి చెప్పింది. చండీగఢ్ నగరానికి ప్లాన్ వేసిన లె కార్బుజియే పేరు వినే ఉంటారు. 1927లో పారిస్‌లో ఆయన ఆఫీసుకి షార్లట్ పెరియాన్ అనే 24 ఏళ్ళ అమ్మాయి తన డ్రాయింగులు పట్టుకుని పని అడగడానికి వెళ్ళింది. ఆమె చదివింది ఇంటి లోపలి అలంకరణ, ఫర్నిచర్. ఇక్కడ మేం కుషన్ల మీద ఎంబ్రాయిడరీ చేయమమ్మా అని ఆయన పంపేశాడట. కొద్ది రోజులకే ఒక ప్రదర్శనలో ఆమె గాజుతో, లోహంతో చేసిన బార్ చూసి తనే పిలిచి పనిలో పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది, 1928లో, ఆయనా, ఆయన చుట్టం పియెర్ జనరే, ఆమె కలిసి స్టీలు గొట్టాలతో ఒక వాలుకుర్చీ చేశారు. అది ఇప్పటికీ తయారవుతోంది. చాలా ఏళ్ళు దాన్ని లోకం లె కార్బుజియే కుర్చీ అనే పిలిచింది. దాదాపు వందేళ్ళయింది. కుషన్ మాట పోయి ఇల్లు సర్దడం మాట వచ్చింది, అంతే.

అలాగని దారే లేదని కాదు. అమెరికాలో ఫ్లారెన్స్ నోల్ అనే ఆవిడ భర్తతో కలిసి ఫర్నిచర్ కంపెనీ నడుపుతూ, ఆఫీసుల లోపలి డిజైన్ కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టింది. ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళకి అసలేం కావాలో ముందు అడిగి తెలుసుకుని, ఆ తరవాతే గీయడం మొదలుపెట్టేవారు. 1955లో భర్త చనిపోయాక కంపెనీ మొత్తం ఆవిడే నడిపింది. ఆవిడ ఆర్కిటెక్చర్ చదివిన మనిషే. అయినా పేరు తెచ్చింది మాత్రం లోపలి డిజైనే. ఆ పనిని మొదటినుంచీ గౌరవంగా చూసిన చోట అది ఎంత పైకి ఎదుగుతుందో చూపించింది.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతికి వస్తాను. ఆఫీసువాళ్ళు ఈ పనిని తేలిగ్గా చూడగలిగారంటే, దాన్ని ముందు తేలిక చేసింది మనం. ఇంట్లో మనం చేసే పనికి విలువ లేదని నలభై ఏళ్ళుగా మొత్తుకుంటున్న మనమే, ఇంటికి సంబంధించిన పని ఒకమ్మాయి చదువుకుని, డిగ్రీ తెచ్చుకుని చేస్తుంటే "ఇల్లు సర్దడమే కదా" అంటున్నాం. చాకిరీ మనదైతే గొప్పదీ, జీతం తెచ్చేదైతే సరదా పనీనా? వంటగట్టు రెండంగుళాలు తేడా వస్తే ఏమవుతుందో మన మెడకి తెలిసినట్టు ఏ డైరెక్టరుకి తెలుస్తుంది? ఈ పని విలువ అందరికన్నా ముందు ఒప్పుకోవలసింది మనమే.

ఇంకోటి. మా బంధువుల్లో ఎవరు ఫ్లాట్ కొన్నా మా కోడలికి ఫోన్ వస్తుంది. "ఊరికే చూసి చెప్పమ్మా, నీకు ఐదు నిమిషాల పని." ఆ ఐదు నిమిషాలు మూడు ఆదివారాలవుతాయి. డాక్టరుగారి దగ్గర చూపించుకుంటే ఫీజు ఇస్తాం. ఈ పిల్ల దగ్గర కాఫీ తాగి, ప్లాన్ గీయించుకుని, "పెద్ద ఉద్యోగమేమీ కాదులే" అని వెళతాం. నేను కూడా నలుగురికి "మా కోడలు చేసి పెడుతుంది" అని మాట ఇచ్చినదాన్నే. ఇక ఇవ్వను.

"ఇంట్లోంచే చేసుకో" అన్న సలహా సంగతి కూడా చెప్పాలి. సొంతంగా చేసుకోవడం తప్పు కాదు. ఇష్టపడి వెళితే అందులో గొప్ప పేరు తెచ్చుకున్నవాళ్ళున్నారు. కానీ బాకీలు వసూలు చేసుకోవాలి, పని సగంలో వదిలేసిన వడ్రంగి నష్టం భరించాలి. పీఎఫ్ ఉండదు, జీతంతో సెలవు ఉండదు. ఆసుపత్రి, టవర్ లాంటి పెద్ద పనులు ఒంటి మనిషిని వెతుక్కుంటూ రావడం అరుదు. ఇన్ని తెలిసి తనే ఎంచుకుంటే సరే. ఆఫీసులో తలుపు వేశారు కాబట్టి ఇంటికి వచ్చేయమంటే, ఆ తలుపుకి బయటినుంచి గొళ్ళెం పెట్టింది మనమే అవుతాం. నేనా రాత్రి చేసింది అదే.

మా కోడలు మానేయలేదు. తొమ్మిదేళ్ళలో చేసిన ప్రాజెక్టులన్నీ ఒక పట్టిక రాసుకుంది. ఎన్ని చదరపు అడుగులు, ఎంత ఖర్చు, ఏ డ్రాయింగులు తనవి, ఎవరెవరికి పని నేర్పింది, అన్నీ. అసోసియేట్ కావడానికి ఏమేం ఉండాలో రాసి ఇవ్వమని ఆఫీసుని అడిగింది. ప్రాజెక్టు వివరాల్లో డిజైనర్లుగా పనిచేసినవాళ్ళ పేర్లు వేయమని అడిగింది. వచ్చే పెద్ద పనిలో తనని సైట్‌కి వేయమని అడిగింది. మొదటిదానికి జవాబు ఇంకా రాలేదు. రెండోదానికి "చూద్దాం" అన్నారు. మూడోదానికి ఒప్పుకున్నారు, నానక్‌రామ్‌గూడలో.

ఇంట్లో ఆడపిల్ల ఈ చదువు చదువుతుంటే ఒక మాట. ఆర్కిటెక్టుల ఆఫీసులో చేరే ముందు జీతం ఒక్కటే అడగొద్దని చెప్పండి. ఇంటీరియర్ చదివి ఇక్కడ అసోసియేట్, ఆ పైన ఉన్నవాళ్ళు ఎందరని అడగమనండి. సున్నా అంటే, ఆ మెట్లు ఎక్కడ ఆగిపోతాయో చేరకముందే తెలిసిపోతుంది. అయినా చేరొచ్చు. కళ్ళు తెరుచుకుని చేరడం వేరు కదా.

శనివారాలు మా కోడలు సైట్‌కి వెళుతోంది. పిల్లాణ్ణి నేను చూసుకుంటున్నాను. ఇది త్యాగమని ఎవరూ పొగడక్కర్లేదు. నా కొడుక్కి ఆదివారం ఆఫీసు ఉన్నా ఎవరూ అడగకుండానే పిల్లాణ్ణి చూసుకున్నదాన్ని, ఇప్పుడు కోడలి కోసం చూసుకుంటున్నాను. మొన్న మా పెద్ద వదిన ఫోన్ చేసి, "అమ్మాయి లేదా ఇంట్లో?" అని అడిగింది. "సైట్‌కి వెళ్ళింది వదినా. ఆరో అంతస్తులో సీలింగ్ పని నడుస్తోందట, దగ్గరుండి చూసుకోవాలి" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత, "అమ్మో, ఆరో అంతస్తా! దానికి ఇలాంటి పనులు కూడా ఉంటాయా?" అంది.

ఉంటాయి వదినా. తొమ్మిదేళ్ళుగా ఉన్నాయి. మనమే ఎప్పుడూ అడగలేదు.